బందెల దొడ్డి: పశువును కట్టేసే చట్టం ఎవరి చేతిలో పలుపు పెట్టింది?

2010లో మధ్యప్రదేశ్‌లోని మొరేనా జిల్లా నుంచి ఒక వార్త వచ్చింది. రాజ్‌పుత్ ఇంటి కుక్కకు ఒక దళిత మహిళ మిగిలిన రొట్టె పెట్టింది. కుక్క అంటరానిదైపోయిందని యజమాని ఇంట్లోకి రానివ్వలేదు. పంచాయతీ పెద్దలు కూర్చుని ఆ మహిళకు 15,000 రూపాయల జరిమానా వేశారు. కుక్కను తీసుకెళ్లి దళితవాడలో గుంజకు కట్టేశారు. అప్పట్లో చాలామంది దీన్ని వింత వార్తగా చదివి నవ్వుకున్నారు. తమిళనాడులో మదురై ప్రాంతపు కొన్ని ఊళ్లలో దళితులు మగ కుక్కను పెంచకూడదన్న కట్టుబాటు ఉన్నట్టు కూడా పత్రికల్లో నమోదైంది. కారణం చెప్పనక్కర్లేదు. మనుషుల పెళ్లిళ్లకు పెట్టిన గీతే కుక్కల దాకా వచ్చింది.

ఏ జంతువును ఎక్కడ కట్టాలి, ఎక్కడ వదలాలి, ఎవరి జంతువు ఎవరి గడప దాటకూడదు అన్నవి ఊళ్లో చిన్న విషయాలుగా కనిపిస్తాయి. గేదె ఒక్కటే ఆస్తిగా ఉన్న ఇంటికి అది చిన్న విషయం కాదు. ఈ వ్యాసంలో కట్టుబాట్ల కంటే చట్టం గురించే ఎక్కువ మాట్లాడదలిచాం. కట్టుబాటును ఎదిరించడం మన కార్యకర్తలకు తెలుసు. బందెల దొడ్డి చట్టాన్ని మాత్రం మనవాళ్లు చదవడం తక్కువ. అవతలివాళ్లకు చదవాల్సిన అవసరం లేకుండానే అది పనిచేసిపెడుతోంది.

1871 నాటి చట్టం

చేలో పడ్డ పశువును పట్టుకుని బంధించే చోటు బందెల దొడ్డి. పట్టుకుని తోలడాన్ని బందె తోలడం అంటారు. ఊరి చివర నాలుగు మట్టిగోడలు, ఒక తడిక, లోపల కుడితి తొట్టి ఉండేవి. చాలా ఊళ్లలో ఇప్పుడు ఆ గోడలు లేవు, ఆ స్థలం ఎవరి ఆక్రమణలో ఉందో ఊరందరికీ తెలుసు. చట్టం మాత్రం బతికే ఉంది. దాని పేరు పశువుల అతిక్రమణ చట్టం, 1871. రాజ్యాంగం ఏడో షెడ్యూలు రాష్ట్ర జాబితాలో 16వ అంశం బందెల దొడ్లు, పశువుల అతిక్రమణ నివారణే. అంటే దీన్ని మార్చే అధికారం రాష్ట్రాలకు ఉంది. జరిమానా రేట్లు, సవరణలు రాష్ట్రాన్ని బట్టి మారుతాయి. నైజాం ఏలుబడిలో ఉన్న తెలంగాణ జిల్లాల్లో ఈ చట్టం చరిత్ర వేరు. అక్కడ పనిచేసే మిత్రులు ముందుగా ఏ చట్టం కింద పశువును పట్టారో అధికారిని అడిగి తెలుసుకోవాలి. ఇక్కడ మేం చెప్పేది 1871 చట్టం మూల పాఠం గురించి, పాత మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లాల అనుభవం గురించి.

ఈ చట్టం దృష్టిలో 'పశువు' అంటే ఆవు, గేదె మాత్రమే కాదు. ఏనుగు, ఒంటె, గుర్రం, గాడిద, పంది, గొర్రె, మేక, వాటి పిల్లలు కూడా ఇందులోకి వస్తాయి. కుక్క రాదు. కుక్క సంగతి వేరే చట్టాల్లో ఉంది, తర్వాత చెబుతాం.

పట్టుకునే హక్కు ఎవరిది అన్నది 10వ సెక్షన్‌లో ఉంది. భూమి సాగుచేసేవాడు, లేదా ఆ భూమి స్వాధీనంలో ఉన్నవాడు తన చేలో పడి నష్టం చేస్తున్న పశువును పట్టుకోవచ్చు. పట్టా ఉండాలని చట్టం అనలేదు. కౌలుదారుడికీ ఈ హక్కు ఉంది. అసైన్డ్ భూమి సాగుచేసుకుంటున్న దళిత రైతుకూ ఉంది. పెద్ద రైతు ఎడ్లు మన చేలో పడితే వాటినీ ఇదే సెక్షన్ కింద దొడ్డికి తోలవచ్చు. కాగితం మీద ఇది సమానమే. అయితే అదే సెక్షన్‌లో ఇంకో మనిషి ఉన్నాడు. పంట పెట్టుబడికి నగదు అప్పు ఇచ్చినవాడు, పంటను ముందే కొన్నవాడు, తాకట్టు పట్టినవాడు కూడా పశువును పట్టుకోవచ్చు. వడ్డీ వ్యాపారిని చట్టం చేలోకి అలా తీసుకొచ్చింది. పట్టినవాడు 24 గంటల్లోగా పశువును దొడ్డికి పంపాలి. ఎవరైనా అడ్డుపడితే, విడిపించుకోబోతే, అడిగినప్పుడు పోలీసులు పట్టినవాడికి సాయం చేయాలి.

దొడ్డికి చేరాక 8వ సెక్షన్ ప్రకారం కాపలాదారు రిజిస్టరులో నాలుగు సంగతులు రాయాలి. ఎన్ని పశువులు, వాటి గుర్తులేమిటి. ఏ రోజు, ఏ గంటకు తెచ్చారు. పట్టినవాడి పేరు, ఊరు. తెలిస్తే యజమాని పేరు, ఊరు. ఆ నమోదు నకలు ఇవ్వాలని కూడా చట్టం చెప్పింది. ఎవరికి? పట్టినవాడికి. పశువు పోగొట్టుకున్నవాడికి నకలు ఇవ్వాలన్న మాట ఆ సెక్షన్‌లో లేదు. యజమాని జరిమానా, మేత ఖర్చు కట్టి పశువును తోలుకెళ్లేటప్పుడు రిజిస్టరులో ముట్టినట్టు సంతకం పెట్టాలి. వేలిముద్ర వేసే మనిషి అక్కడ ఏం రాసి ఉందో చదవలేడు.

వారంలోగా ఎవరూ రాకపోతే కాపలాదారు పోలీస్ స్టేషన్‌కు తెలపాలి. స్టేషన్ అధికారి నోటీసు అంటించి, పశువును పట్టిన ఊళ్లోనూ దగ్గర్లోని సంతలోనూ డప్పు కొట్టించి చాటించాలి. నోటీసు తేదీ నుంచి మరో 7 రోజులు చూసి బహిరంగ వేలం వేయాలి. ఆ డప్పు ఎవరు కొట్టాలో చట్టం రాయలేదు, రాయాల్సిన అవసరమూ రాలేదు. ఊళ్లో టముకు వేసే వెట్టి ఎవరిదో బ్రిటిష్ కలెక్టరుకు తెలుసు, మునసబుకు తెలుసు. తన గేదె వేలానికి తానే దండోరా వేసిన మాదిగ ఇంటి కథలు మా ఇళ్ల పెద్దలు చెప్పగా విన్నాం.

వేలంలో వచ్చిన డబ్బులోంచి జరిమానా, ఖర్చులు మినహాయించి మిగిలింది యజమానికి ఇవ్వాలి. అడగని పక్షంలో 3 నెలలు డిపాజిట్‌గా ఉంచాలి. దొడ్డి కాపలాదారు గానీ, పోలీసు గానీ, ఇతర అధికారి గానీ ఆ వేలంలో ప్రత్యక్షంగానో పరోక్షంగానో కొనకూడదని 19వ సెక్షన్ నిషేధం పెట్టింది. 'పరోక్షంగా' అన్న మాటను కార్యకర్తలు గుర్తుపెట్టుకోవాలి. బావమరిది పేరు మీద కొన్నా అది కొన్నట్టే.

100 రూపాయలు, 6 నెలలు

అన్యాయంగా పశువును పట్టినా, చట్టానికి విరుద్ధంగా నిర్బంధించినా యజమాని మెజిస్ట్రేట్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఇది 20వ సెక్షన్. గడువు పట్టిన రోజు నుంచి 10 రోజులు. ఫిర్యాదు రుజువైతే 22వ సెక్షన్ కింద నష్టపరిహారం వస్తుంది, కట్టిన జరిమానా, ఖర్చులు తిరిగొస్తాయి. ఆ పరిహారానికి చట్టం పెట్టిన గరిష్ఠ పరిమితి 100 రూపాయలు. ఇక పశువును పట్టేటప్పుడు బలవంతంగా అడ్డుకున్నా, పట్టిన తర్వాత విడిపించుకుపోయినా 24వ సెక్షన్ కింద 6 నెలల దాకా జైలు, లేదా 500 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

ఈ రెండు సెక్షన్లను పక్కపక్కన పెట్టి చదివితే చట్టం ఎవరి కోసం పుట్టిందో తెలుస్తుంది. తప్పుగా పట్టినవాడికి జైలు లేదు. తన మేకను లాక్కుని ఇంటికి తెచ్చుకున్నవాడికి ఉంది. అందుకే పెద్ద రైతు ఇంటి ముందు మేకలు కట్టేసి ఉన్నప్పుడు ఆవేశంతో వెళ్లి తాడు కోసి తెచ్చుకోవద్దని వాడల్లోని కుర్రాళ్లకు చెబుతుంటాం. చెప్పడం తేలిక, వాళ్ల స్థానంలో నిలబడితే కష్టమే.

మా పరిశోధనలో భాగంగా తిరిగిన ఒక కోస్తా ఊరి సంగతి చెప్పాలి. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. భర్త చనిపోయిన ఒక మాల మహిళ 3 మేకల్ని కాలవ గట్టున కట్టి కూలికి వెళ్లింది. ఒకటి తలుగు తెంపుకుంది, మిగతావి దాని వెనకే పోయాయి. మొక్కజొన్న చేలో పడ్డాయని చేను యజమాని పట్టుకుని దొడ్డికి పంపలేదు. తన కొట్టంలోనే రెండు రాత్రులు కట్టేశాడు. ఆమె పోతే తలకు 600 రూపాయలు అడిగాడు. మేస్త్రి దగ్గర అప్పు చేసి కట్టింది. రసీదు లేదు. మేం పంచాయతీ కార్యాలయంలో బందెల దొడ్డి రిజిస్టరు అడిగితే, అలాంటి రిజిస్టరు ఉండాలన్న సంగతే అక్కడి సిబ్బందికి కొత్తగా ఉంది. కొట్టంలో రెండు రాత్రులు ఉంచడం 24 గంటల నిబంధనకు విరుద్ధం. సొంతంగా జరిమానా వసూలు చేసే అధికారం ఈ చట్టంలో ఏ రైతుకూ లేదు. పంట నష్టం ఉంటే పరిహారం కోసం సివిల్ కోర్టులో దావా వేసుకునే హక్కు 29వ సెక్షన్ ఇచ్చింది, అంతే. ఇదంతా మేం ఆమెకు వివరించేసరికి 10 రోజుల గడువు దాటిపోయింది.

ఆ అనుభవంతో మేం నేర్చుకున్నది ఒకటుంది. సమాచార హక్కు చట్టం కింద రిజిస్టరు నకలు అడిగితే జవాబుకు 30 రోజుల గడువు ఉంటుంది. ఫిర్యాదు గడువు 10 రోజులే. కాబట్టి నకలు వచ్చాక ఫిర్యాదు చేద్దామని ఆగకూడదు. 21వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదు రాతపూర్వకంగానే ఉండాలని లేదు. నోటితో చెప్పినా మెజిస్ట్రేట్ సారాంశం రాసుకోవాలి. యజమాని స్వయంగా వెళ్లలేకపోతే విషయం తెలిసిన ప్రతినిధి వెళ్లవచ్చు. ముందు ఫిర్యాదు పడాలి, కాగితాలు తర్వాత జతచేసుకోవచ్చు. ఇక పశువును ముందు విడిపించుకోవాలి గానీ పట్టడం అన్యాయమని వాదించాలి అనుకుంటే 15వ సెక్షన్ ఉంది. మొత్తాన్ని డిపాజిట్‌గా కట్టి పశువును తెచ్చుకుని ఫిర్యాదు నడుపుకోవచ్చు. కట్టేటప్పుడు అది డిపాజిట్ అని స్పష్టంగా చెప్పాలి, తప్పు ఒప్పుకుని కట్టినట్టు కాకూడదు.

పందికి వేరే న్యాయం

26వ సెక్షన్ పందుల కోసమే రాసిన సెక్షన్. పందుల యజమాని నిర్లక్ష్యం వల్ల గానీ మరోలా గానీ అవి చేనును, పంటను, రోడ్డును పాడుచేస్తే మెజిస్ట్రేట్ ముందు నేరం రుజువై జరిమానా పడుతుంది. మూల చట్టంలో అది 10 రూపాయల దాకా. మొత్తం చిన్నదే. తేడా మొత్తంలో లేదు. గేదె చేలో పడితే దొడ్డిలో తలకింత కట్టి బయటపడవచ్చు. పంది పడితే యజమాని నేరస్థుడవుతాడు. ఇతర పశువులకూ ఈ సెక్షన్‌ను వర్తింపజేసే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చారు గానీ, చట్టం స్వయంగా ఎంచుకున్నది పందినే. మన దగ్గర పందులు పెంచే జీవనం ఎక్కువగా ఎరుకల వారిది. నేరస్థ తెగల చట్టం కూడా అదే 1871లో వచ్చింది, తర్వాతి కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీలో ఎరుకల వారి మీదా ప్రయోగించారు. ఒకే ఏడాది పుట్టిన రెండు చట్టాలు చివరికి ఒకే ఇంటి మీద పడ్డాయి.

అడవి గట్టు, చెరువు గట్టు

బందె తోలడం పొలానికే పరిమితం కాలేదు. 1927 నాటి భారత అటవీ చట్టం 70వ సెక్షన్ రిజర్వు అడవిలో మేస్తున్న పశువును ఈ 1871 చట్టం కిందికే తెచ్చింది. పల్నాడులో పుల్లరి కట్టబోమన్న రైతుల పోరాటం, 1922లో కన్నెగంటి హనుమంతు హత్య మనకు పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి. పుల్లరి అంటే అడవిలో మేపుకున్నందుకు కట్టే పన్ను. ఆ చరిత్రను జాతీయోద్యమం కథగా చెప్పుకోవడమే అలవాటైంది. పశువు మేసే చోటు మీద సర్కారు పెత్తనం కథగా చదివితే ఇంకో పార్శ్వం కనిపిస్తుంది. ఇవాళ 2006 అటవీ హక్కుల చట్టం 3(1)(డి) కింద మేత హక్కు కోరవచ్చు. ఎస్టీలు కాని దళితులు మూడు తరాల, అంటే 75 ఏళ్ల నివాసం చూపాలి. అక్కడే చాలా దరఖాస్తులు ఆగిపోతాయి.

ఊళ్లో మేత పోరంబోకు, తెలంగాణలో బంచరాయి, ఎవరి చేతిలో ఉందన్నది బందెల దొడ్డి ప్రశ్నకు మొదలు. ఉమ్మడి మేత భూమి ఆక్రమణకు గురైతే దళితుడి గేదెకు గట్టు తప్ప చోటుండదు. గట్టుకు అటూ ఇటూ ఎవరివో చేలే. అంటే పశువు తప్పు చేయక ముందే తప్పు చేయాల్సిన చోట నిలబడింది. జగ్‌పాల్ సింగ్ కేసులో 2011 జనవరి 28న సుప్రీంకోర్టు గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని రాష్ట్రాలను ఆదేశించింది. భూమిలేని కూలీలకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రభుత్వం ఇచ్చిన పట్టాలను ఆ తీర్పు మినహాయించవచ్చని చెప్పింది. తీర్పు పేరు చెప్పి గుడిసెలు పీకడానికి వచ్చే తహసీల్దారుకు ఈ మినహాయింపు చూపించాలి.

పశువును ఎక్కడికి తోలవచ్చు అన్న ప్రశ్న నీళ్ల దగ్గర ఇంకా పదునెక్కుతుంది. కారంచేడులో మాదిగలు మంచినీళ్లు తెచ్చుకునే చెరువు దగ్గర కమ్మ యువకులు బర్రెలకు కుడితి పెట్టి, ఆ మురికినీళ్లు చెరువులో పడేలా చేయడాన్ని అడ్డుకోవడంతోనే గొడవ మొదలైంది. 1985 జూలై 17న ఆరుగురు దళితులను చంపారు. ఆ ఊళ్లో పశువులను కట్టేసే నియమం లేక కాదు. అది ఎవరి పశువులకు వర్తిస్తుందో ఊరికి ముందే తెలుసు.

అత్యాచార నిరోధక చట్టం ఎక్కడ కలుస్తుంది

పశువును పట్టడం దానంతటదే అత్యాచారం కాదు. ప్రతి బందెకూ ఎస్సీ, ఎస్టీ కేసు పెట్టమని మేం చెప్పడం లేదు. అలా పెడితే కేసు నిలవదు, తర్వాత నిజమైన కేసుకూ విలువ పోతుంది. వాస్తవాలను బట్టి 1989 చట్టంలోని కొన్ని క్లాజులు సరిగ్గా సరిపోతాయి. అందరూ మేపుకునే ఉమ్మడి వనరును, చెరువును, దారిని దళితులను వాడుకోనివ్వకపోతే 3(1)(జెడ్‌ఏ). దురుద్దేశంతో తప్పుడు కేసు పెడితే 3(1)(పి). అబద్ధపు సమాచారమిచ్చి అధికారి చేత దళితుడికి హాని చేయిస్తే 3(1)(క్యూ). పడని చేలో పడిందని చెప్పి బందె తోలించడం ఇందులోకి రాగలదు. కులం పేరుతో నలుగురిలో తిడితే 3(1)(ఎస్). పనికి పిలవడం, మేత అమ్మడం మానేయమని ఊరికి చెబితే సాంఘిక, ఆర్థిక బహిష్కరణ, అది 3(1)(జెడ్‌సీ). చచ్చిన పశువును మొయ్యమని ఒత్తిడి చేస్తే 3(1)(ఐ).

ఇంకో మాట. దొర పశువులు చేలో పడితే చట్ట ప్రకారం జరిమానా పశువు యజమానిది. వాస్తవంలో దెబ్బలు తినేది, జీతంలో కోత పడేది పశువులు కాసే జీతగాడికి. ఆ కోతను పాత అప్పులో కలుపుతూ పోతే అది వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం, 1976 చూడాల్సిన విషయం. కాసేది 14 ఏళ్లలోపు పిల్లవాడైతే బాలకార్మిక చట్టం కూడా.

కట్టేయడంలో క్రూరత్వం

పశువును కట్టడం మీద మరో కేంద్ర చట్టం ఉంది. జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం, 1960. అసమంజసంగా పొట్టి లేదా బరువైన గొలుసుతో, తాడుతో ఎక్కువసేపు కట్టేయడం 11(1)(ఎఫ్) కింద నేరం. ఎప్పుడూ గొలుసుతో కట్టేసే కుక్కను యజమాని తిప్పకపోవడం 11(1)(జి) కింద నేరం. మొదటిసారికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. బందెల దొడ్డిలో మేత, నీళ్లు లేకుండా పశువును ఉంచినా ఇదే సెక్షన్‌లోని మరో క్లాజు వర్తిస్తుంది. ఈ చట్టాన్ని మనవైపు నుంచి వాడుకోవడం తక్కువ.

ఈ చట్టం కింద 2017లో వచ్చిన, కేసు ఆస్తిగా స్వాధీనం చేసుకున్న జంతువుల సంరక్షణ నియమాలను మేం కొత్త బందెల దొడ్డి అంటాం. దారిలో ఆపిన పశువుల లారీలోని గొడ్లు కేసు నడుస్తుండగానే గోశాలకు వెళ్తాయి, పోషణ ఖర్చు యజమాని మీద పడుతుంది. పాత దొడ్డిలో జరిమానా కడితే సాయంత్రానికి గేదె ఇంటికొచ్చేది. ఇక్కడ కేసు తేలేదాకా రాదు, తేలాక ఖర్చు గేదె ధరను దాటిపోతుంది. నేరం రుజువు కాకముందే జంతువును తీసేసుకోవడం మూల చట్టానికి విరుద్ధం కదా అని 2021లో సుప్రీంకోర్టు కేంద్రాన్ని అడిగింది. ముసలి గొడ్డును అమ్ముకోలేని చిన్న రైతు, కొనలేని మాంసం వ్యాపారి, తోలు పనివాడు ముగ్గురూ ఇక్కడ ఒకే దొడ్డిలో ఉన్నారు.

కుక్క, దాన్ని పట్టే మనిషి

వీధి కుక్కల మీద ఇప్పుడు అమల్లో ఉన్నవి 2023 జంతు జనన నియంత్రణ నియమాలు. పట్టడం, సంతాన నిరోధక ఆపరేషన్ చేయడం, రేబిస్ టీకా వేయడం, పట్టిన చోటే వదలడం వీటి పద్ధతి. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతంలో కుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమంది. ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని సవరించింది. రేబిస్ ఉన్నవి, దూకుడుగా కరిచేవి తప్ప మిగతావాటిని టీకా వేశాక అదే ప్రాంతంలో వదలమంది. నవంబరు 7న బడులు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి తొలగించాలనీ, అక్కడే తిరిగి వదలకూడదనీ చెప్పింది. జాతీయ రహదారుల మీది పశువులను తరలించమని కూడా అదే ఉత్తర్వులో ఉంది.

ఈ వాదన టీవీల్లో కుక్కల ప్రేమికులకూ కరిపించుకున్నవాళ్లకూ మధ్య నడిచింది. కుక్కను వలేసి పట్టే మనిషి గురించి ఎవరూ మాట్లాడలేదు. మున్సిపాలిటీల్లో, పంచాయతీల్లో ఆ పని పారిశుద్ధ్య కార్మికుల మీద, కాంట్రాక్టు కూలీల మీద పడుతుంది. వాళ్లలో ఎక్కువమంది దళితులు. చెత్త డంపింగ్ యార్డు ఎక్కడ ఉంటే కుక్కల గుంపు అక్కడ ఉంటుంది, ఆ యార్డు దళితవాడ పక్కనే ఎందుకు ఉంటుందో వేరే వ్యాసం రాయాలి.

కుక్కల్ని చంపించమని పెద్దలు నోటిమాటగా చెప్పి, తర్వాత కేసు వస్తే ఇంజెక్షన్ వేసినవాడిని ముందుకు తోయడం కొత్త కాదు. గుండెలోకి స్ట్రిక్‌నిన్ ఇంజెక్షన్ వేసి గానీ మరే క్రూర పద్ధతిలో గానీ వీధి కుక్కలతో సహా జంతువులను చంపడం 1960 చట్టం 11(1)(ఎల్) కింద నేరం. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద జంతువును చంపినా, విషం పెట్టినా 5 ఏళ్ల దాకా శిక్ష పడవచ్చు. కార్మిక సంఘాలకు మేం చెప్పేది ఇంతే. పట్టమన్నా, చంపమన్నా ఆదేశం రాతలో అడగండి, దాని మీద సంతకం, తేదీ చూడండి. పట్టే పనికి పంపే ముందు ముందస్తు రేబిస్ టీకా వేయించమని, చేతి తొడుగులు, వల, పంజరం ఇవ్వమని అర్జీ పెట్టి, ముట్టినట్టు స్టాంపు వేయించుకోండి. ఆ అర్జీ నకలు కార్మికుడి ఇంట్లో ఒకటి, సంఘం దగ్గర ఒకటి ఉండాలి.